మల్లిక మీది గొంగడి

కేతేపల్లి అవతల ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కిటికీకి నల్ల గొంగడి, తలుపు సందుల్లో గుడ్డపేలికలు. బయట ఎండ మండిపోతుంటే మంజులత లోపల తడుముకుంటూ కూతురికి పెరుగన్నం కలుపుతోంది. గదంతా ఉన్ని వాసన.

వర్షితకు ఎండ పడదు. పడదంటే ఏదో దద్దుర్లని కాదు, ప్రాణమే పోతుంది. పెద్దపిల్ల మల్లిక అట్లాగే పోయింది. మచ్చలు పుండ్లయ్యాయి, పుండ్లు క్యాన్సరయ్యాయి. హైదరాబాద్ డాక్టరు విడమరిచి చెప్పాడు. ఎండకు ఎవరి ఒంట్లోనైనా డీఎన్ఏ దెబ్బతింటుందట. చిరిగిన గుడ్డకు రఫ్ఫు చేసినట్టు ఒళ్లే దాన్ని బాగుచేసుకుంటుందట. ఆ పని చేయించే జన్యువు ఈ పిల్లల్లో చెడిపోయింది. మంజులత చేసుకున్నది సొంత మేనమామ పరశురాములునే. ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండి, రెండు వైపుల నుంచీ పిల్లలకు దిగింది.

మందు లేదు, చీకటి తప్ప. అందుకే మంజులత ఆ పని చేసింది. మల్లిక శవం మీద కప్పిన గొంగడిని, గుంటలో దించే ముందు లాగేసుకుని, తెచ్చి కిటికీకి కట్టింది. చిల్లు లేని గొంగడి ఇంట్లో అదొక్కటే మరి.

"పీనుగు మీది గొంగడి ఇంటికి తేవద్దు బిడ్డా," అని గుర్వమ్మ గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆమె మంజులతకు అమ్మమ్మా, అత్తా కూడా.

"సచ్చినదానికి ఎండ తగుల్తదా అవ్వా? బతికున్నదానికి గావాలె," అని మొండికేసింది మంజులత. తల్లి కదా, మొండిదే అవుతుంది.

ఈరోజు పరశురాములు గొర్ల వెంట పోయాడు, గుర్వమ్మ నకిరేకల్ అంగడికి పోయింది. మంచం మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న వర్షిత రెండో ముద్దకు నోరు తెరవలేదు.

"కదలొద్దన్నది," అంది గుసగుసగా.

"ఎవరే?"

"అక్క. నన్ను కుడుతాంది."

మంజులత చెయ్యి ఆగిపోయింది. సర్ర్... సర్ర్... చీకట్లో ఎవరో ఉన్నిదారం లాగుతున్న చప్పుడు. పచ్చి మన్ను వాసన. ఫోన్ వెలిగించింది. వర్షిత చెంప మీద ఒక్క మచ్చ లేదు. నిన్నటి దాకా చింతగింజంత ఉన్నదీ లేదు. కిటికీకి ఉన్న గొంగడి మాత్రం అంచు నుంచి పోగు పోగుగా ఊడిపోతోంది...

వేరే వాళ్లయితే కేక పెట్టి పారిపోయేవారు. మంజులతకు ఆశ పుట్టింది. పాడు ఆశ.

"కుట్టు బిడ్డా... మొత్తం కుట్టు," అని చేతులు జోడించింది. "నీకేం గావాల్నో తీస్కో."

వర్షిత చెవి ఒగ్గి విన్నది. "ఎండల ఆడుకుంటదట అమ్మా. పోనిస్తవా?"

"పోనిస్త."

గొంగడి జలజలా రాలి కిటికీ కింద కుప్పపడింది. ఎండ గదిలోకి దూకింది. మంజులత కెవ్వుమని మంచం మీద పడింది, పిల్లను కప్పేయడానికి. మంచం ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది.

వాకిట్లో, నడి ఎండలో, వర్షిత గిరగిరా తిరుగుతూ నవ్వుతోంది. ఒళ్లు నిగనిగలాడుతోంది. మంజులతకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ల ఏడుపు.

"వర్షితా! మండుతలేదా బిడ్డా?"

పిల్ల ఆగింది. తిరిగి చూసింది.

"చెల్లెను పిలుస్తవేందమ్మా? అది గొంగడి కింద పండుకున్నది."

గదిలోంచి... సన్నగా...

"అమ్మా... కండ్లల్ల మన్ను పడుతాంది..."

మంజులత లోపలికి ఉరికింది. ఉన్ని కుప్పను రెండు చేతులా తోసేసింది. కింద ఎవరూ లేరు. ఒట్టి బండలు. బండల మీద పిడికెడు తడిమన్ను ఉంది. ఆ మన్నులో, నమిలి మింగకుండా వదిలేసిన పెరుగన్నం మెతుకులు ఉన్నాయి. ఇంకా వెచ్చగా.