ఒకేచోట, ఒక్కొక్కటిగా

అయినా అడగని దానికి జవాబు చెప్పకపోవడం మోసం ఎలా అవుతుంది, అనుకున్నాడతను. నిబంధనే అది. విచారణ కౌంటర్‌లో కూర్చున్నవాడు అడిగినంతవరకే చెప్పాలి. ఎక్కువ చెబితే జనం గందరగోళపడతారట. అద్దం పైన ‘అన్ని వివరాలూ ఒకేచోట’ అని బోర్డు. ఒకేసారి అని ఎవరూ రాయలేదు.

ఆ నిబంధనను ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు. లాండ్రీ పెట్టబోయే అమ్మాయి వచ్చాక దానిమీద భక్తి పుట్టింది. లైసెన్సుకి ముందు ఏం కావాలని ఆమె అడిగింది. నీటి కనెక్షన్ అన్నాడు. తెచ్చింది. తర్వాత ఏమిటంది. మురుగునీటి అనుమతి అన్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా గదిలో సబ్బు వాసన కాసేపు నిలిచేది. తను దాస్తున్నానని మాత్రం అతను ఒప్పుకోలేదు. మనసు కూడా ఆఫీసులాంటిదే, అడగని ఫైలు బయటపెట్టదు.

ఈరోజు ఆమె బరువైన సంచి గట్టు మీద పెట్టింది.

“ఇదిగోండి, డ్రైనేజీ వాళ్ల కాగితం. లైసెన్సు ఇచ్చేస్తారా, ఇంకా ఏమైనా ఉందా?”

“ఉందండి.”

“ఏంటది?”

“బాయిలర్‌కి ఫైర్ వాళ్ల అనుమతి.”

“ఇది మీకు మొదటిరోజు తెలీదా?”

“తెలుసండి.”

“మరి చెప్పలేదే?”

“మీరు అడగలేదండి.”

పక్క కౌంటర్ అక్క నవ్వు ఆపుకోలేక దగ్గింది. “వాడంతేనమ్మా. నిన్న ఒక పెద్దాయన బాత్రూమ్ ఎక్కడంటే చూపించాడు. తాళం వేసుందని మాత్రం చెప్పలేదు.”

ఆమె నవ్వలేదు.

“రేపటికి లైసెన్సు చూపించకపోతే నేను అద్దెకి మాట్లాడుకున్న గది సెల్‌ఫోన్ల షాపువాడికి ఇచ్చేస్తానన్నాడు ఓనరు. నా మెషీన్లు ఇంకా వరండాలోనే ఉన్నాయి. నేనంటే మీకేమైనా కోపమా?”

“కాదండి.”

“మరేంటి?”

అడిగింది. ఇక చెప్పాలి. సదరు దరఖాస్తుదారు, సంబంధిత శాఖ, తగు చర్య లాంటి మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అన్నేళ్లుగా వాడుతున్న ఆ మాటల్లో ఒక్కదానిలోనూ ‘నేను’ లేదని అతనికి అప్పుడే తట్టింది.

“అన్నీ ఒకేసారి చెబితే మీరు మళ్లీ రారని.”

అక్క దగ్గు ఆగిపోయింది. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. అద్దం ఉంది కాబట్టి కిందంటే టేబుల్ వరకే.

“అంటే, ఇష్టపడ్డారు.”

“అవునండి.”

“బాగుంది. ఇష్టపడితేనే షాపు పోయేలా ఉంది. కోపమొస్తే ఊరే వదిలిపోవాలేమో.”

అతనికి చెవులు వేడెక్కాయి. సిగ్గుతోపాటు ఒక తేలిక. తిట్టు కూడా తనకే, సంబంధిత శాఖకు కాదు.

“ఇంకేం మిగిలాయి? అన్నీ చెప్పండి,” అందామె.

“ఇదొక్కటేనండి. మూడో అంతస్తు, చివరి గది. తాత్కాలిక అనుమతి ఇవాళే ఇస్తారు, లైసెన్సుకి అది చాలు. కానీ ఆఫీసరు భోజనానికి లేస్తే మళ్లీ సీట్లోకి రాడు. తాత్కాలికం అని మీరే అడగాలి, ఆయనంతట ఆయన చెప్పడు.”

“ఆయనకీ నేనంటే ఇష్టమేనా ఏంటి?” అంది. పెదవి చివర ఏదో కదిలింది, అది నవ్వేనని ధైర్యంగా అనుకోలేకపోయాడతను.

ఆ కాగితం వస్తే ఆమెకిక ఇక్కడ పనిలేదు. అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఎక్కడికిరా? లైన్లో జనం ఉన్నారు,” అంది అక్క.

“నువ్వు చూడక్కా. అన్నీ చెప్పెయ్.”

పక్క తలుపు గడియ తీసి, అద్దం అవతలికి వచ్చి, ఆమె సంచి అందుకున్నాడు.