మూడోసారి చాటింపు

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

నారాయణఖేడ్ బస్టాండు ముందు ఒక ముసలామె ఆటోలో ఉన్న నిరోషను అడిగింది. నిరోష మాట్లాడుకున్న మైకు ఆటో ఒక నవ్వుల సినిమా గురించి చెబుతోంది. ఆటో వెనక హీరో పళ్లన్నీ బయటపెట్టిన పోస్టరు ఉంది. అయినా హోటలు ముందు మనుషులు లేచి నిలబడ్డారు. ఒకాయన తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

నిరోష ఆటో ఆపించింది.

"వీళ్లు గిట్లెందుకు చూస్తుండ్రు?"

ఆటో నడిపే విక్టరే మైకులో చెప్పేవాడు కూడా. తాపీగా మైకు కట్టేశాడు.

"ఎనిమిదేండ్ల సంది ఖేడ్ల చావు కబురు చెప్పేది నేనే. నా గొంతు వింటే ఎవరో పోయిండ్రనుకుంటరు."

"గీ ముక్క పొద్దుగాల చెప్పాలె గదా."

"మైకు గట్టిగ వినొస్తదా అని అడిగినవ్. వస్తదన్న. ఇంకేం అడగలే మేడం."

"నువ్వు మనిషివేనా?"

"చావుకు పిలిచినోళ్లు ఎవ్వరు గట్ల అడగలే. సినిమాకు పిలిచిన నీకే డౌటొచ్చింది."

నిరోషది సిర్గాపూర్. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. తండ్రి తోమా చెరకు కొట్టి డిగ్రీ చదివించాడు. హైదరాబాదులో సినిమాలకు ప్రచారం చేసే కంపెనీలో రెండేళ్లుగా పని చేస్తోంది. ఒక పట్టణాన్ని ఆమె ఒక్కదానికే అప్పగించడం ఇదే మొదలు. శుక్రవారం పొద్దుటి ఆట నిండితే జిల్లా అంతా ఆమె చేతికి వస్తుంది. నిండకపోతే మళ్లీ ఆఫీసులో మూలకుర్చీ. మేనేజరు ఈ మాట రెండుసార్లు చెప్పాడు. ఒకసారికే ఆమెకు అర్థమైంది.

తోమాకు ఈ పని గిట్టదు. "బొమ్మలు అతికిచ్చెటందుకా నిన్ను చదివిచ్చింది?" అని ఒకసారి అన్నాడు. మళ్లీ అనలేదు. అతను ఏ మాటా రెండుసార్లు అనడు.

వాన మొదలైంది. ఇద్దరూ ఆటోలో ఒదిగి కూర్చున్నారు.

"వేరే ఆటో మాట్లాడుకో," అన్నాడు విక్టర్. "నేనేం అనుకోను."

నిరోష బయటికి చూసింది. ముసలామె వానలో అక్కడే ఉంది. పోయిందెవరో తెలిసేదాకా కదిలేలా లేదు.

"ఫోన్ల యాడ్ వస్తే ఎవడాగుతుండు? నీ గొంతుకు ఊరంత ఆగుతది." ఒక పోస్టరు తిప్పి, వెనక నాలుగు ముక్కలు రాసి ఇచ్చింది. "గిది చదువు."

విక్టర్ చదువుకున్నాడు. కాగితం మీంచి కళ్లెత్తి మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. మైకు తీశాడు.

"ఖేడ్ పట్టణ ప్రజలకు తెలియజేయునది. ఈరోజు ఎవ్వరూ పోలేదు. అందరూ బతికే ఉన్నరు. బతికున్నోళ్లంతా శుక్రవారం పొద్దుటి ఆటకు వచ్చి నవ్వాలని మనవి."

ముసలామె తిట్టడానికి నోరు తెరిచి, నవ్వింది. హోటల్లో ఎవరో ఈల వేశారు.

మూడు రోజులు చుట్టుపక్కల మనూర్, సిర్గాపూర్ తిరిగారు. ఆటో రాకముందే పిల్లలు "ఎవ్వరూ పోలేదు" అని అరిచేవారు. ఎవరో తీసిన వీడియో హైదరాబాదు దాకా పోయింది.

"ఇది ఎవరు రాశారు?" అని మేనేజరు ఫోను చేశాడు.

"నేనే సార్," అంది నిరోష. ఆ రెండు మాటలు విక్టర్‌కు వినబడాలని కొంచెం గట్టిగానే అంది.

గురువారం సాయంత్రం మనూర్ రోడ్డు మీద విక్టర్ ఆటో ఆపి మైకు తీగ పీకేశాడు.

"ఎందుకు పీకినవ్?"

"ఊరికి చెప్పేది మైకుల చెప్త. గిది నీ ఒక్కదానికే. నువ్వంటే నాకిష్టం."

"సరిగ వినరాలే."

"తీగ పెట్టాల్నా మళ్ల?"

"వద్దు." నవ్వబోయి ఆగింది. "మా బాపు నిన్ను చూస్తే సందు మారుతడు. ఎందుకో చెప్పడు."

"నాకెర్కే. మీ అమ్మ కబురు చెప్పింది నేనే గదా."

మూడేళ్ల క్రితం రిబ్కమ్మ చనిపోయినప్పుడు నిరోష హైదరాబాదులో పరీక్ష రాస్తోంది. ఆ చాటింపు ఆమె వినలేదు.

ఇంటికి వెళ్లి, తనకూ విక్టర్ అంటే ఇష్టమని తండ్రికి చెప్పేసింది. తోమా కంచం పక్కకు జరిపి లేచాడు. అదే జవాబు.

శుక్రవారం హాలు నిండింది. గోడల వెంట కూడా నిలబడ్డారు. నిరోష గేటు దగ్గర ఉండగా తోమా వచ్చాడు. కూతురి వైపు చూడకుండా నేరుగా ఆటో దగ్గరికి నడిచాడు.

"బస్టాండు కాడ రిబ్కమ్మ కబురు ఎన్నిసార్లు చెప్పినవ్?"

ఖేడ్‌లో చావు కబురు ప్రతి కూడలిలో మూడుసార్లు చెబుతారు. ఉన్నవాడికైనా లేనివాడికైనా మూడుసార్లే.

విక్టర్ తల దించుకున్నాడు. "రెండుసార్లు, కాకా."

"కూలోళ్ల ఇంటిదని ఒకటి తగ్గిచ్చినవా?"

"మూడోసారి గొంతు రాలే. మా అమ్మ పోయినంక నా కడుపు చూసింది గామెనే. గా బస్టాండు కాడనే ఉడకబెట్టిన శనగ గుడాలమ్ముకుంట, నా వంతు ఆకుల కట్టి దాచేది. గాడ నిలబడి గా పేరు రెండుసార్లే అనొచ్చింది."

తోమా హాలు వైపు తిరిగాడు. మూడేళ్లు మోసిన కోపం తప్పని తెలిసినా పైకి అనే మనిషి కాదు. హాల్లోంచి పెద్ద నవ్వు వచ్చింది.

"గింతమంది ఎట్లొచ్చిండ్రు?"

"నీ బిడ్డ రాసిన మాటకు."

"మైకు పెట్టు."

"ఏం చెప్పాలె?"

"సిర్గాపూర్ తోమా బిడ్డ, రిబ్కమ్మ బిడ్డ, నిరోష. ఇంటిల మొదలు చదివింది. గీ హాలు నింపింది. గంతే."

"బాపూ, వద్దు," అంది నిరోష. తోమా వినలేదు.

విక్టర్ చెప్పాడు. బజారులో మనుషులు ఆగారు. రెండోసారి చెప్పాడు. రిబ్కమ్మ పేరు మూడోసారి అనలేక మైకు దించాడు.

"ఆగినవేంది?" అన్నాడు తోమా. "మూడోసారి చెప్పు. చెప్పకుంటే బిడ్డనియ్య."

విక్టర్ మైకు మళ్లీ ఎత్తాడు. ఈసారి బస్టాండు దాకా వినిపించింది.