రెండో పిడికెడు

1955 జూలై. ఆదివారం ఉదయం పది ఇరవై.

నంద్యాల బెతనియ శరణాలయంలో పిల్లలంతా వరండాలో వరసగా కూర్చున్నారు. ముప్పై ఏడు పళ్ళేల్లో ఉప్మా పడింది. ముప్పై ఎనిమిదో పళ్ళెం ముందు ఎవరూ లేరు.

అది గురవమ్మ చోటు. ఆరేళ్ళ పిల్ల. నల్లమల చెంచుల బిడ్డ.

దొడ్డి వెతికారు. బావిలోకి మనిషిని దింపారు. పదకొండుకు వార్డెన్ కమలాక్షమ్మ పోలీస్ స్టేషన్‌కు కబురు పెట్టింది. పదకొండు నలభైకి సబ్-ఇన్‌స్పెక్టర్ లక్ష్మీనారాయణ గేటు దగ్గర సైకిల్ దిగాడు. వెంట హెడ్ కానిస్టేబుల్ నరసింహులు.

ఆ గేటును చూడగానే ఎస్.ఐ.కి నీరసం వచ్చింది. చర్చి సంఘం వాళ్ళు నడిపే శరణాలయం అది. ఒక పక్క తల్లో తండ్రో లేని పిల్లలు. ఇంకో పక్క ఎవరికీ పట్టని తొమ్మిది మంది ముసలమ్మలు. ఆదివారం వస్తే ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకు గంజి. రైల్వే స్టేషన్లో పడుకునేవాళ్ళు, మహానందికి వచ్చి తిరిగి పోలేక ఉండిపోయినవాళ్ళు తొమ్మిదిన్నరకే లోపలికి వచ్చి బారు తీరుతారు. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని అడిగే అలవాటు అక్కడ లేదు. మంచి అలవాటే. పోలీసులకు మాత్రం ప్రాణం తీసే అలవాటు.

పిల్ల మంచం మీద శరణాలయం వాళ్ళ నీలిగళ్ళ గౌను ఉంది. చేతులు లోపలికి పెట్టి, నాలుగు మడతలు వేసి ఉంది. పిల్లలందరికీ అట్లాగే మడవడం నేర్పుతామని కమలాక్షమ్మ చెప్పింది.

లక్ష్మీనారాయణ దాన్ని కాసేపు చూశాడు. అంటే గౌను మడిచింది పిల్లే. వేరే బట్టలు ఎవరో తెచ్చారు. పిల్ల ఏడవలేదు, గింజుకోలేదు. తెలిసినవాళ్ళతో ఇష్టంగా పోయింది.

"తెలిసినోడే సార్. బయ్యన్న" అన్నాడు నరసింహులు.

బయ్యన్న గురవమ్మ తండ్రి. ఆరేళ్ళ కిందట భార్య కాన్పులో పోతే, పాలు పట్టే దిక్కు లేక, పది రోజుల బిడ్డను బుట్టలో పెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. అప్పటినుంచి నెలకోసారి తేనె తీసుకుని కొండ దిగుతాడు. బిడ్డ పెద్దదయింది, ఇక తీసుకుపోతానని ఈ మధ్య అడుగుతున్నాడు. గ్రామ మునసబు దగ్గర కాగితం రాయించుకురమ్మంది శరణాలయం కమిటీ. చెంచువాడికి కాగితం రాసిచ్చే మునసబు ఇంకా పుట్టలేదు. శనివారం సాయంత్రం ఈ గేటు దగ్గరే అతను గొంతు పెంచాడు. నా బిడ్డకు కాగితమేంది, నేనే తీసుకపోతా అన్నాడు. నలుగురూ విన్నారు.

నరసింహులుకు అది చాలు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా బయ్యన్నను మహానంది దారిలో పట్టుకొచ్చి లాకప్‌లో పడేశాడు. వెంట పిల్ల లేదు. ఎక్కడో దాచి ఉంటాడని నరసింహులు తేల్చేశాడు.

లక్ష్మీనారాయణ ఊచల దగ్గరికి వెళ్ళాడు.

"బిడ్డ యాడుందప్పా?"

"దొరా, నన్ను ఈడ పెట్టినారు. సరే. నా బిడ్డను ఎవురు ఎతుకుతాండారు?"

ఆ మాట ఎస్.ఐ.ని పొడిచింది. ఇంకో సంగతీ అతనికి తెలుసు. పోలీసు కేసున్న మనిషికి కమిటీ బిడ్డను ఇవ్వదు. పిల్ల దొరికినా, దొంగ దొరక్కపోతే బయ్యన్న బిడ్డ బయ్యన్నది కాకుండా పోతుంది.

నాలుగు గంటలకు మళ్ళీ శరణాలయం. ఆయా జయలక్ష్మమ్మను పిలిపించాడు. మొగుడు పోతే అత్తింటివాళ్ళు గెంటేసిన మనిషి. ఏడాదిగా గురవమ్మ ఆలనాపాలనా ఆమెదే. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బిడ్డను ఆఖరుగా ఎప్పుడు చూసినావు?"

"తొమ్మిదికి సార్. ఆరాధనకు గుడికి పోయేముందర."

"గుడిలో ఎంతసేపున్నావు?"

"పదింపావు దాకా. అందరూ చూసినారు."

"బయ్యన్న అంటే నీకు గిట్టదంట?"

ఆమె కొంగు నలిపింది. "నెలంతా తల దువ్వేది నేను. స్నానం పోసేది నేను. ఆయప్ప తేనె తీసుకోని వస్తే చాలు, నా ఒళ్ళోంచి లేసిపోతాది."

కుళ్ళు. అందులో దాపరికం ఏమీ లేదు. పిల్లను కొండకు పోనివ్వకుండా ఈమే దాచి ఉండొచ్చు. కానీ గుడిలో ఉందనడానికి వంద మంది సాక్షులు.

జయలక్ష్మమ్మకు ముందు బిడ్డను ఎవరు చూశారని వార్డెన్‌ను అడిగాడు. లూదియా అని చెప్పింది కమలాక్షమ్మ. బుట్టలో వచ్చిన పది రోజుల బిడ్డకు గిన్నెతో పాలు పట్టి పెంచింది ఆమే. పోయినేడు ఆళ్లగడ్డలో సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి అబ్రహామును పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కు చూడ్డానికి వచ్చింది, కొత్త రిబ్బన్లు తెచ్చింది. పిల్ల "అమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చింది. లూదియా చేతులు చాచింది. పిల్ల ఆమె పక్కనుంచి పోయి జయలక్ష్మమ్మను చుట్టుకుంది. ఆ రోజు లూదియా అన్నం ముట్టకుండా బస్సెక్కిందట.

లక్ష్మీనారాయణకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఇంత దయ ఉన్న చోట ఇంత అసూయా? స్టేషన్లో ప్రమోషన్ల దగ్గర కూడా ఇంత చూడలేదు.

సోమవారం పొద్దున బస్సులో ఆళ్లగడ్డకు వెళ్ళాడు. పది పదికి దిగాడు. ఊరి చివర చిన్న గుడి, దాని వెనక ఉపదేశి ఇల్లు. ముందు వరండా, వరండాలోనే పొయ్యి. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

లూదియా ముక్కాలిపీట వేసి మంచినీళ్ళు ఇచ్చింది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"ఇప్పుడు నేనొక్కదాన్నే సార్. మా ఆయన బేస్తవారం నందికొట్కూరు ప్రార్థన కూటాలకు పోయినాడు. శనివారం గానీ రాడు."

"నిన్న పొద్దున యాడుంటివి?"

"జొరం. ఈడి గుడిక్కూడా పోలే."

చెబుతూనే చేటలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న మట్టి ముంతలో వేసింది. ఇంకో పిడికెడు వేసింది. మూత పెట్టింది. ఎస్.ఐ. చూపు చూసి, అది శరణాలయం బియ్యమని చెప్పింది. అతను తల ఊపాడు. సంఘం ఆడవాళ్ళు వండేముందు బియ్యం తీసిపెడతారని అతనూ విన్నాడు.

గురవమ్మ కనబడటం లేదని చెప్పాడు. లూదియా చేతులు ఆగాయి.

"జయలక్ష్మమ్మ ఏడుస్తాందా సార్?"

పిల్ల సంగతి అడగలేదు. మొదట ఆమె సంగతే అడిగింది. ఎస్.ఐ.కి అనుమానం పుట్టింది. కానీ అనుమానం చేతికి దొరికే వస్తువు కాదు. మగమనిషి లేని ఇల్లు. సోదా చేయాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలి. చుట్టుపక్కల అడిగాడు. ఎవరూ ఏమీ చూడలేదు. పన్నెండు గంటల బస్సుకు తిరిగి వచ్చేశాడు, తన మీద తనకే విసుగ్గా ఉంది.

మూడు గంటలకు శరణాలయం వంటింటి గడప దగ్గర రామమ్మ కూర్చుని ఉంది. ఆ తొమ్మిది మంది ముసలమ్మల్లో ఒకతె, ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. ఊళ్ళ నుంచి వచ్చిన సంచులు ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఊరికే ఉండలేక లక్ష్మీనారాయణ పలకరించాడు. ఇవన్నీ పిడికెడు బియ్యమేనా అని అడిగాడు.

"అవు నాయనా. ఈ ముసిలోళ్ళూ పిల్లలూ తినేది ఇదే."

"ఇంటికొక పిడికెడేనా అవ్వా?"

రామమ్మకు కోపం వచ్చింది. "ఇంటికొకటి ఏంది? తలకొకటి. ఆ పూట ఇంట్లో ఎంతమంది తింటే అన్ని పిడికిళ్ళు. సుట్టం వస్తే సుట్టానికీ ఒకటి. ఎక్కువ ఎయ్యరు, తక్కువ ఎయ్యరు. మాకు చిన్నప్పటి నుంచీ చేతికొచ్చిన అలవాటు."

లక్ష్మీనారాయణ జీపు కోసం సర్కిల్ ఆఫీసుకు పరుగెత్తాడు. జీపు మరునాడు గానీ దొరకదన్నారు.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నర. జీపు ఉపదేశి ఇంటిముందు ఆగింది. కమలాక్షమ్మ దిగింది, జయలక్ష్మమ్మ దిగింది. నరసింహులు బయ్యన్నను దించాడు, చేతికి సంకెళ్ళతో.

లూదియా వరండాలో నిలబడింది. ముఖం పాలిపోయింది.

"నిన్న నేనీడ కూర్చోనుంటే నువ్వు ముంతలో బియ్యం వేసినావు" అన్నాడు లక్ష్మీనారాయణ. "ఎన్ని పిడికిళ్ళు వేసినావమ్మా?"

ఆమె చూపు గూట్లోని ముంత మీదికి పోయింది.

"రెండు. నా కళ్ళతో చూసినా, అప్పుడు నాకు తెలియలే. తినే తలకొక పిడికెడు. ఒంటరిగా ఉండే మనిషివి రెండోది ఎవరి కోసం వేసినావు?"

కమలాక్షమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నరసింహులు వార్డెన్ వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

మిగిలింది ఎస్.ఐ. గబగబా చెప్పేశాడు. లూదియా ఆదివారం తొలి బస్సుకు నంద్యాల చేరింది. ముసుగు వేసుకుని గంజి బారులో లోపలికి వచ్చింది. పెద్దవాళ్ళు గుడిలో ఉన్నారు. కొత్త పరికిణీ ఇచ్చింది. పిల్ల తను నేర్పినట్టే గౌను మడిచింది. పది గంటల బస్సుకు ఇద్దరూ ఆళ్లగడ్డ చేరారు. మూడు రోజులుగా పిల్ల ఆ తలుపు వెనకే ఉంది.

లూదియా స్తంభానికి ఆనుకుని కూలబడింది.

"మీతో అబద్ధమాడినా సార్. జొరమన్నా, ఒక్కదాన్నే అన్నా. బియ్యం కాడ అబద్ధమాడాలని తోచనే లేదు. బిడ్డ తింటాంది గదా." తర్వాత జయలక్ష్మమ్మ వైపు తిరిగింది. "అయిదేండ్లు సాకినా. నిన్న మొన్న వచ్చినదాన్ని అమ్మా అంటాంటే ఎట్లా చూసేది?"

తలుపు కిర్రుమంది. ఆకుపచ్చ పరికిణీలో గురవమ్మ బయటికి వచ్చింది.

లూదియా చేతులు చాచింది. మెట్ల దగ్గర జయలక్ష్మమ్మ కూడా చాచింది. పిల్ల ఇద్దరి మధ్య నుంచి పోయి బయ్యన్న కాళ్ళను చుట్టుకుంది.

లక్ష్మీనారాయణ తనే సంకెళ్ళు తీశాడు. నరసింహులు నేల చూపులు చూస్తున్నాడు. బయ్యన్న బిడ్డను ఎత్తుకుని మెడలో ముఖం దాచుకున్నాడు. కమలాక్షమ్మ దగ్గరికి వచ్చి, ఏ మునసబు కాగితమూ అక్కర్లేదని, కమిటీకి తను జవాబు చెప్పుకుంటానని, ఈ రోజే బిడ్డను తీసుకుపొమ్మని చెప్పింది. అతను నమ్మలేనట్టు ఎస్.ఐ. వైపు చూశాడు. ఎస్.ఐ. తల ఊపాక జీపు వైపు నడిచాడు.

కేసు కేసే. లూదియా స్టేషన్‌కు రావాలి. ఆమె ఇంటికి తాళం వేసుకుంటుంటే జయలక్ష్మమ్మ పక్కన నిలబడింది. గొంతులో విషం ఇంకా చల్లారలేదు.

"మూడు దినాలు నీ కాడే ఉండె గదా. మనిద్దరిలో ఎవురు కావాలని అడిగినావా?"

"అడిగినా."

"ఏమనింది?"

లూదియా తాళం చెవి కొంగున ముడేసుకుంది. "మీ నాయన ఆళ్లగడ్డలో ఉండాడని చెప్తేనే నా ఎంట వచ్చింది. అడిగినప్పుడల్లా ఒకటే మాట. నాయన ఎప్పుడొస్తాడని."

ఇద్దరూ జీపు వెనక సీటులో పక్కపక్కనే కూర్చున్నారు. ముందు సీటులో గురవమ్మ తండ్రి ఒళ్ళో నిద్రపోతోంది.