యాభై నవలల శశాంక్

“మేడం, జర పల్చటి నవలలు ఏ ర్యాక్‌ల ఉన్నయి?”

తేజస్వి తలెత్తి చూసింది. మెడలో టై, భుజాన నల్ల బ్యాగు, చేతిలో ఫోను. కాజీపేటలో శ్యాంసుందర్ సార్ రిటైరయ్యాక తన ఇంటి కింది వాటాలో పెట్టిన లైబ్రరీని ఆమె రెండేళ్లుగా చూసుకుంటోంది. రచయిత పేరు చెప్పి పుస్తకం అడిగినవాళ్లను చూసింది, కథ చెప్పి అడిగినవాళ్లనూ చూసింది. మందం చెప్పి అడిగిన మనిషిని ఇదే చూడటం.

“ఎంత పల్చగ కావాలె సార్? దోశ లెక్కనా, రుమాలీ రోటీ లెక్కనా?”

అతను నొచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. “ఈ సంవత్సరం యాభై నవలల చాలెంజ్ తీస్కున్న మేడం. స్టేటస్‌ల గూడ పెట్టిన.”

“స్టేటస్‌ల పెట్టినంక ఇగ చదువుడెందుకు సార్? సగం పని అయిపాయె.”

పేరు శశాంక్. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. సోమవారం కేసముద్రం, గురువారం నెక్కొండ. డాక్టర్ల గదుల ముందు గంటల తరబడి కూర్చునే ఉద్యోగం. ఇవన్నీ ఆమె అడక్కుండానే చెప్పాడు.

ప్రతి ఆదివారం నాలుగు పుస్తకాలు తీసుకుపోయేవాడు. మరుసటి ఆదివారం నాలుగూ తెచ్చి, కిటికీ గట్టు మీద పేర్చి, పక్కన టీ కప్పు పెట్టి ఫొటో తీసేవాడు. టీ చల్లారేదే కానీ పుస్తకంలో ఒక్క పేజీ మూల నలిగేది కాదు.

ఫిబ్రవరి చివరికి స్టేటస్‌లో లెక్క ఇరవై ఎనిమిదికి చేరింది. తేజస్వి ఓపిక నశించింది. అతను తిరిగి తెచ్చిన వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుంది.

“ఈ నవలల పెద్దకొడుకు ఆఖరికి ఏమైండు సార్?”

“పెద్దకొడుకా?” శశాంక్ గొంతు సవరించుకున్నాడు. “మంచిగ సెటిలైండు మేడం. ఫ్యామిలీని గూడ మంచిగ చూస్కున్నడు.”

“దీంట్ల పెద్దకొడుకే లేడు. ముగ్గురు అక్కచెల్లెండ్ల కథ. అట్ట మీద గూడ ముగ్గురు ఆడోళ్లే ఉన్నరు. కనీసం అట్టన్న చూడకపోతిరి!”

గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న నలుగురు గైడ్లు మూసి మరీ నవ్వారు. శశాంక్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోను తీసి ఏదో నొక్కాడు.

“అన్ని డిలీట్ చేసిన. మీకు నచ్చింది ఒక్కటియ్యిన్రి. మందమున్నా పర్లేదు.”

తేజస్వి పైఅర నుంచి ఇటుకలాంటి నవల దించి, దుమ్ము దులిపి ఇచ్చింది. మళ్లీ మొహం చూపించడనే అనుకుంది.

ఇరవై రోజులకు వచ్చాడు. ఈసారి ఫొటో తీయలేదు. మండిపడుతూ వచ్చాడు.

“ఏం మనిషి మేడం ఆ హీరోయిన్? వాడట్ల మోసం చేస్తే చెంప మీద ఒక్కటియ్యకుండ ఉత్తరం రాస్తదా? అది గూడ ఆరు పేజీలు!”

“ఆ ఉత్తరమే చెంపదెబ్బ. మీకు అర్థంగాలె.”

“ఆరు పేజీల చెంపదెబ్బనా?”

“మందుల చీటీలు తప్ప ఏం చదవనోళ్లకు అట్లనే అనిపిస్తది.”

గంటసేపు వాదించుకున్నారు. పైనుంచి శ్యాంసుందర్ సార్ దిగొచ్చాడు. “లొల్లి చేసేటోళ్లల్ల లైబ్రేరియనే ఉంటే నేనెవరికి చెప్పుకోవాలె తల్లీ?” అన్నాడు.

ఆ సాయంత్రం తాళం వేస్తూ తను ఇంకా నవ్వుతున్నానని గమనించింది తేజస్వి. ఇంత తెలివితక్కువ మనిషితో మాట్లాడి సంబరపడటమేమిటని తనను తానే తిట్టుకుంది.

ఏప్రిల్, మే నెలల్లో శశాంక్ ఇంకో రెండు చదివాడు. రెండింటికీ రెండు తగాదాలు. జూన్‌లో తొలివాన పడిన ఆదివారం తలనుంచి నీళ్లు కారుతూ వచ్చాడు. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది.

“మీకంటె పుస్తకమే నయం. తడవకుండ వచ్చింది,” అంది తేజస్వి.

“తర్వాత తిట్టున్రి గని, ఈ నవల మీరు చదివిన్రా?”

తేజస్వి తడబడింది. ఆమె నవల ముట్టుకుని రెండేళ్లయింది. గ్రూప్స్ రెండుసార్లు రాసి పోయాక గైడ్లు, కరెంట్ అఫైర్స్ తప్ప మరేదీ తెరవలేదు. ఆ మాట ఈ మనిషితో చెప్పడమా?

“చదవకేం? ఈ మధ్యనే.”

“అయితె చెప్పున్రి, ఆఖరికి ఆ టైలర్ పిల్ల ఏమైతది? దీంట్ల ఆఖరి పది పేజీలు లేవు. తలుపు కొట్టబోయే కాడ ఆగిపోయింది.”

“ఆమెనా...” తేజస్వి కవర్ సర్దుతూ అంది, “మంచిగ సెటిలైంది.”

అన్నాకగానీ ఏమన్నదో తెలియలేదు. శశాంక్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు ఇంత మంట పుట్టేది కాదు.

“తప్పులు వట్టనీకి వస్తున్నరా ఇక్కడికి? రేపటి సంది రాకున్రి!”

అతను పుస్తకం బల్ల మీద పెట్టి వానలోకి వెళ్లిపోయాడు.

పోతే పోయిండు అనుకుంది మొదటి ఆదివారం. రెండో ఆదివారం కూడా అదే అనుకుంది, కానీ గుమ్మం వైపు చూస్తూ అనుకుంది. మూడో ఆదివారం ఆ నవల ఇంటికి తీసుకుపోయింది.

అన్నలకు ఎదురు తిరిగి సొంతంగా టైలరింగ్ షాపు పెట్టిన పిల్ల కథ అది. బుధవారానికి తేజస్వి కూడా ఆ పిల్లతో పాటు అన్నల ఇంటి తలుపు దగ్గరికి చేరింది. అక్కడ వాక్యం సగంలో తెగిపోయింది. రిజిస్టర్లో అతని నంబరుంది. కానీ ఫోన్ చేస్తే తను ఓడిపోయినట్టు.

అందుకని గురువారం సెలవు పెట్టి నెక్కొండ రైలెక్కింది. ఫోన్ చేయడానికి నామోషీ పడ్డ మనిషి రైలెక్కి పోవడం అంతకంటే పెద్ద నామోషీ అని వరంగల్ స్టేషన్ దాటాకగానీ తట్టలేదు.

రెండో దవాఖానలో కనబడ్డాడు, పేషెంట్ల మధ్య బెంచీ మీద. గడపలోనే ఆయా గులాబ్ బీ అడ్డుపడింది.

“పేషెంటెవరమ్మా?”

“పేషెంట్ లేరు. ఆ రిప్రజెంటేటివ్‌తోని పనుంది.”

“వీళ్లను చూస్తేనే డాక్టర్ సాబ్ దాసుకుంటడు. నువ్వు ఎతుక్కుంట వచ్చినవా?” గులాబ్ బీ ఆమెను పైనుంచి కిందికి జాలిగా చూసింది.

శశాంక్ లేచి నిలబడ్డాడు. ఆగితే మళ్లీ నోరు రాదని తేజస్వి గబగబా చెప్పేసింది.

“చదివిన. ఈసారి నిజంగ. ఆ రోజు అబద్ధం చెప్పిన. రెండేండ్ల సంది ఒక్క నవల ముట్టలె. అందరి ముంగట నిన్ను నవ్వులపాలు చేసిన గద, దానికి గూడ సారీ. ఇప్పుడు చెప్పు, ఆమె తలుపు కొట్టిందా?”

శశాంక్ బ్యాగులోంచి అదే నవల ఇంకో కాపీ తీశాడు. “కేసముద్రంల ఒక రిటైర్డ్ టీచర్ దగ్గర దొరికింది. ఆఖరి పేజీలున్నయి.”

“ఏమైంది మరి?”

“చూడలె. ఒక్కన్నే చదివి ఏం చెయ్యాలె? కొట్లాడనీకి ఎవరున్నరు?”

బయట వాన మొదలైంది. వరండా బెంచీ మీద పక్కపక్కన కూర్చుని చదివారు. ఆమె ముందే పేజీ ముగించి, అతని కోసం విసుక్కుంటూ ఆగేది. చివరి పేజీలో, తలుపు కొట్టబోతున్న పిల్లను వాళ్లమ్మ తట్టి లేపింది.

“కలనా!” ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

“దవాఖాన ఇది, సంత కాదు,” లోపలినుంచి కసిరింది గులాబ్ బీ.

“రెండొందల పేజీలు మిషన్ కుట్టి, అన్నలతోని పంచాయితీ వెట్టుకుంటె, అంత కలనా? రాసినోనికి సిగ్గుండాలె!” అంది తేజస్వి.

“మన కాపీల ఆ పేజీలు చింపినోళ్లకు దండెయ్యాలె.”

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు తగ్గాక శశాంక్ గొంతు మార్చాడు.

“నాదైతె కల గాదు తేజస్వీ...”

“ఇసొంటి డైలాగ్ ఇంకొక్కటి కొట్టినవనుకో, వచ్చే రైలుకే వాపస్ పోత. సక్కగ చెప్పు.”

అతను బ్యాగు పక్కన పెట్టాడు. “ముందుగాల స్టేటస్ కోసం షురూ చేసిన. తర్వాత నువ్వేమంటవో విననీకె చదివిన. ఈ మూడు వారాలు పేజీ తిప్పబుద్ధి గాలె. నువ్వంటె ఇష్టం. పెండ్లి చేస్కుందాం. ఇంక డైలాగుల్లేవు.”

వెక్కిరించడానికి ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది తేజస్వి. దొరకలేదు. అతని తడి చెయ్యి పట్టుకుంది.

“ఆదివారం మా ఇంటికి రా. మా నాయిన ముంగట యాభై, వంద అని గొప్పలు కొట్టకు. నాలుగే చదివిన అని చెప్పు.”

“నాలుగంటె ఇజ్జత్ పోదా?”

“పోదు,” అంది తేజస్వి. “ఈ రెండేండ్లల్ల నాకంటె మూడు ఎక్కువే.”