కొమురవ్వ కళ్ళు

మా స్టూడియోలో ఒక నల్ల కోటు ఉంది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చే ప్రతివాడూ దాన్నే తొడుక్కుంటాడు. సూరత్ డిండోలిలో మగ్గాల మీద పనిచేసేవాళ్ళ చెమటంతా, గుట్కా నములుతూ కార్చిన ఎర్ర చొంగంతా దాని కాలర్‌లోనే ఉంది. ఎంత ఉతికించినా ఆ వాసన పోదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అందిస్తుంటే "పరుశురామన్నకు మడి ఎక్కువ" అని నవ్వుతారు. అవును, ఎక్కువే. ఇంకొకరి పెదాలు తాకిన గ్లాసును నేను ముట్టుకోను.

పొద్దున షట్టర్ ఎత్తగానే మార్కండేయుడి పటానికీ, కెమెరాకీ ఒకే అగరుబత్తి తిప్పుతాను. నాకు అన్నం పెట్టేది దేవుడో కెమెరానో ఇప్పటికీ తేలలేదు, అందుకని ఇద్దరినీ మంచి చేసుకుంటాను. ఆదివారం పొద్దున శనగపప్పు రుబ్బి ఉడికించిన వేడివేడి లోచో పొట్లం, సాయంత్రం చౌరస్తాలో క్యారమ్స్. నా సరదాలు అంతే. నా భార్య వినోదకు నాకంటే భక్తి ఎక్కువ. శ్రావణం వచ్చిందంటే మా వంటింట్లో గుడ్డు పేరు కూడా ఎత్తకూడదు.

ఈ శ్రావణంలోనే కొమురవ్వ పోయింది. పక్క సందులో ఉండే లస్మయ్య తల్లి. మగ్గం పనికి వచ్చిన కొడుకు వెంట సూరత్ వచ్చి, చూపు ఆనినన్నాళ్ళూ బాబిన్లు చుట్టిన ముసలమ్మ. ఆమెకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్న మొహాన్ని కన్నకొడుకు కూడా గుర్తుపట్టలేడు.

మా వాళ్ళలో పదకొండో దినం పోయినవాళ్ళ ఫోటో పెట్టి, దాని ముందు వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. తలుపు మూసి అందరూ బయట నిలబడతారు, ఆ మనిషి వచ్చి తినిపోవాలని. కళ్ళు మూసుకున్న ఫోటో పెట్టరు. కళ్ళు లేకపోతే విస్తరి ఎట్లా కనబడుతుందంటారు. అందుకే శవాన్ని ఫోటో తీసి, కంప్యూటర్‌లో కళ్ళు తెరిపించడం కూడా నా పనుల్లో ఒకటైంది.

కొమురవ్వను తీయడానికి వెళ్ళిన రోజు ముసురు పట్టి ఉంది. ఖాడీ కాలువలోంచి రంగునీళ్ళ కంపు వస్తోంది. గదిలో ఇంకో కంపు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే బాగుండదని ఊపిరి బిగబట్టి కెమెరాలోంచి చూశాను. ఆమె మూతి చుట్టూ ఈగలు. ఒక ఈగ పెదాల సందులోంచి లోపలికి పోయింది. నేను ఫోటోలు తీసినంతసేపూ అది బయటికి రాలేదు.

మామూలుగా ఇట్లాంటి ముసలమ్మలకు, ముందే పోయిన ముసలమ్మల కళ్ళు తగిలిస్తాను. కొమురవ్వకు మాత్రం ఏవీ అతకలేదు. ఏ కళ్ళు పెట్టినా ముసుగు వేసుకున్నట్టే ఉంది. విసుగెత్తి, బతుకమ్మ పండక్కి తీసిన వినోద ఫోటో తెరిచి, ఆమె కళ్ళు తెచ్చి పెట్టాను. ఠక్కున కుదిరాయి. కాస్త మసక వేసి, చుట్టూ ముడతలు దిద్దాను. ఇవి బతికున్న మనిషి కళ్ళు కదా అన్న ఆలోచన నాకు రానేలేదు.

పదకొండో దినం మధ్యాహ్నం లస్మయ్య తన ఒంటి గదిలో ఫోటో పెట్టాడు. ముందు విస్తరిలో అన్నం, తలకాయ కూర, ఎండు చేపలు, పక్కన బీడీ. పోయినవాళ్ళకు శ్రావణం పట్టింపు లేదు. తలుపు మూసి అందరం రేకుల కింద నిలబడ్డాం. సందు నిండా మగ్గాల చప్పుడు. లస్మయ్య నా చెవి దగ్గరికి వచ్చాడు.

"తింటున్నదంటవా అన్నా?"

"తింటది, ఊకో" అన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. మా పక్కింటి గంగవ్వ.

"జర జల్ది రా బిడ్డా. నీ పెండ్లాం కక్కుతున్నది."

నేను పోయేసరికి వినోద బాత్రూంలో గోడ పట్టుకుని కూర్చుని ఉంది. కింద అంతా... అన్నం. మాంసం ముక్కలు. నమిలినట్టు లేవు, పళ్ళు లేనివాళ్ళు మింగినట్టు అట్లాగే ఉన్నాయి. ఎండు చేపల నీచు వాసన. అసహ్యం వేసింది. కట్టుకున్నదాని మీద వేయకూడదు. అయినా వేసింది.

"ఏం తిన్నవే?"

"పొద్దుగాల పాలు తాగిన. అంతే." పెదాలు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. "కండ్ల ముందర ఏదో అర్ర కనబడ్డదయ్యా. తలుపు ఏసి ఉన్నది. నోట్లె ఎవరో కుక్కుతున్నట్టు... బయట లస్మయ్య అడుగుతుండు, తింటున్నదంటవా అని. నువ్వు ఊకొమ్మన్నవ్."

నీళ్ళ బకెట్ తెచ్చి కడగడం మొదలుపెట్టాను. కడుగుతుంటే వేళ్ళకు బీడీ ముక్క తగిలింది.

అది ఆ ఒక్కరోజుతో పోలేదు. లస్మయ్య తల్లిని ప్రాణంగా చూసుకున్న మనిషి. రోజూ సాయంత్రం, రాత్రి పాళీ పనికి పోయేముందు ఫోటో ముందు గిన్నె పెట్టి తలుపు మూసేవాడు. సరిగ్గా ఆ వేళకే వినోద నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తేది. ఒకరోజు గుడ్డు. ఒకరోజు రొయ్యలు. డాక్టరు ఎసిడిటీ అన్నాడు. మార్కండేయుడికి మొక్కుకున్నాను. కొంచెం కూడా తగ్గలేదు. వినోద చెంపలు పీక్కుపోయాయి, మెడ ఎముకలు పైకి తేలాయి. ఇట్లాగే సాగితే మనిషి దక్కదని అర్థమైంది.

ఒక సాయంత్రం లస్మయ్య ఇంటికి పోయాను. గిన్నె సిద్ధం చేస్తున్నాడు. గోడ మీద ఫోటో... పూలదండ లోపలి నుంచి నా భార్య నన్ను చూస్తోంది. ఇంక దాచలేదు. ఆ కళ్ళు ఎవరివో, ఇంట్లో ఏం జరుగుతోందో అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"ఇన్నొద్దులు నేను పెట్టింది వదిన తిన్నదా?"

"తినలేదు తమ్మీ. కక్కింది."

"అయితే మా అమ్మ..." ఫోటో వైపు తిరిగాడు. "మా అమ్మ ఉపాసమున్నదా అన్నా, ఇన్నొద్దులు?"

లస్మయ్య ఫోటో దించి, తెల్ల తువ్వాలలో చుట్టి, అటక మీద పెట్టేశాడు. కళ్ళు మూసిన ఫోటో ఇంకొకటి చేసిస్తానంటే వద్దన్నాడు.

మర్నాటి నుంచి వినోదకు వాంతి ఆగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు. ఆకలి కూడా మొదలైంది. పప్పన్నం పెడితే గిన్నె ఊడ్చేసింది. మళ్ళీ పెట్టమంది. ఇన్నాళ్ళ ఆకలి కదా, తిననీ అని నేనే దగ్గర కూర్చుని వడ్డించాను. పూటపూటకూ అడగడం ఎక్కువైంది. కుండలో అడుగంటిన మాడు కూడా గోకి తింటోంది. అయినా మెడ ఎముకలు లోపలికి పోలేదు. ఇంకా తేలుతున్నాయి.

"ఎంత తిన్నా లోపలికి పోతలేదయ్యా" అంది నిన్న, ఖాళీ కంచం నా వైపు జరుపుతూ.

ఇవాళ మధ్యాహ్నం లస్మయ్య స్టూడియోకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గడపలోనే నిలబడి, రోడ్డు మీద పోయేవాళ్ళకు వినబడకుండా చెప్పాడు.

"నేనేం పెడ్తలేనన్నా. దేవుని మీద ఒట్టు. అటక మీదికి చెయ్యి కూడా పెట్టలే. అయినా మూటకట్టిన తువ్వాల రోజూ పగటిపూట తడుస్తున్నది. పచ్చగా... కింద గోడ మీదికి కారుతున్నది. ఈగలు ముసురుతున్నయి."

లస్మయ్య ఆ గోడ తుడిచి వచ్చిన తన కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

"ఇయ్యాల మీ ఇంట్ల బీరకాయ కూరనా అన్నా?"