టిక్కుమనే గని

నెవాడా ఎడారిలో పాడుబడ్డ వెండి గని ఒకటుంది. లోపల చచ్చిపోయిన కూలీలు ఇంకా రాళ్ల మీద కొడుతూనే ఉంటారని, ఆ చప్పుడు విన్నవాడికి నూకలు చెల్లినట్టేనని చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఊరివాళ్లకి బుద్ధుంది, అటు పోరు. సినిమావాళ్లకే లేదు.

అణుబాంబులు పేల్చి మురిసిపోయే రోజులవి. యురేనియం కోసం తవ్వుకునే వెర్రివాడి మీద లెస్టర్ గాంజ్ ఒక నవ్వుల సినిమా మొదలెట్టాడు. నిర్మాత, దర్శకుడు రెండూ తనే. పరమ పిసినారి! గనికి అద్దె లేదు కాబట్టి అదే సెట్టు. సినిమాలో అర్ధరాత్రి అయినా బయట మిట్టమధ్యాహ్నమే. కెమెరాకి నల్లద్దం తగిలిస్తే చాలట, లైట్లు దండగట.

హీరో వాలీ ప్రూసిక్. ఒకప్పుడు నాటకశాలల్లో జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించినవాడే. ఇప్పుడు పిలిచే దిక్కులేదు. ఈ వేషం కూడా పోతే ఇక ఇంట్లో కూర్చోవడమే. అందుకే గాంజ్ ఏం చెప్పినా తలూపేవాడు.

ఆ రోజు బాంబు సీను. పేలుడయ్యాక మొహాన మైదా కొట్టడం, జనం నవ్వడం... ఇలాంటి సినిమాలకి అదే రివాజు. ఆ మైదా కొనడానికి కూడా గాంజ్‌కి చెయ్యి రాలేదు. గని ముందు తెల్లటి బూడిద పరుచుకుని ఉంది. మొన్న తెల్లవారుజామున ఉత్తరాన ఆకాశం భగ్గుమన్న తర్వాత రాలిన బూడిద.

"ఊరికే వచ్చిన మైదా! పూసుకో వాలీ, మెడకి కూడా పట్టించు."

వాలీ పూసుకున్నాడు. నోట్లో పడింది ఉమ్మేసి, మళ్లీ పూసుకున్నాడు. యురేనియాన్ని కనిపెట్టే పెట్టె చంకన పెట్టుకుని గని చీకట్లోకి నడిచి, సీనులో చెప్పినట్టు దాని మీట తిప్పాడు.

టిక్...

ఆగాడు. టిక్... టిక్...

"లెస్టర్... లోపల ఎవరో కొడుతున్నారు..." అన్నాడు వాలీ గుసగుసగా.

"ఎవడ్రా ఆ చప్పుడు చేసేది?" గాంజ్ బయటి నుంచి అరిచాడు. "చప్పుళ్లు స్టూడియోలో కలుపుకుంటామని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మేం కాదు బాస్!" అన్నారు కెమెరా దగ్గరున్నవాళ్లు.

టిక్‌టిక్‌టిక్‌టిక్—

వాలీ పెట్టెతో సహా పరుగెత్తుకొచ్చి సామాన్ల లారీ పక్కన కూలబడ్డాడు. చప్పుడు మాత్రం వదల్లేదు. సామాన్లు చూసే ఐక్ ఆ పెట్టె తీసుకుని దూరంగా నడిచాడు. చప్పుడు సన్నగిల్లింది. దయ్యాలు కాదు, మోగింది పెట్టేనని అందరూ పకపకా నవ్వారు.

ఐక్ వెనక్కి వచ్చాడు. నవ్వలేదు.

"ఉత్త డబ్బా చేయించడం ఖర్చన్నారుగా బాస్... సైన్యం పారేసిన సామాన్లలో చవగ్గా దొరికింది, తెచ్చా. ఇది పనిచేసే పెట్టె. రేడియేషన్ ఉంటేనే మోగుతుంది."

దాన్ని వాలీ మొహం దగ్గర పెట్టాడు. టిక్కుకి టిక్కుకి మధ్య సందే లేకుండా మోగింది.

వాలీ తువ్వాలు అందుకున్నాడు. "ఇది... కడిగితే పోతుందా లెస్టర్?"

గాంజ్ ఎండ వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడే కడుక్కోకు. క్లోజప్ మిగిలుంది. చేయనంటే చెప్పు, ఇంకొకణ్ణి పిలుచుకుంటా."

వాలీ తువ్వాలు కింద పెట్టేశాడు.