మిద్దె మీద పాచి గీత

మునిరత్నమ్మ మెట్లెక్కి వచ్చేసరికి కోమలవల్లి ఒక ఫ్యాను రెగ్యులేటరును విప్పి బల్ల మీద పరుచుకుని ఉంది. తిరుపతిలో కాఫీపొడి దుకాణం పైన ఉన్న ఆ ఒంటి గదిని ఆఫీసు అనడానికి గుమ్మం మీది బోర్డు తప్ప వేరే ఆధారం లేదు. కోమలవల్లి పదిహేనేళ్లు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేసి, అది మానేసి ప్రైవేటు డిటెక్టివు అయింది. ఆమె సహాయకుడు జయరావు రిటైరైన హెడ్ కానిస్టేబులు. ముప్పై ఏళ్ల సర్వీసులో చూడని తెలివి ఈమె దగ్గర మూడేళ్లలో చూశానని కనబడిన ప్రతి వాడికీ చెబుతాడు. అతని పాత స్నేహితులు రోడ్డు దాటి అవతలి పక్క నడవడానికి అదొక కారణం.

"నా కొడుకును స్టేషన్లో పెట్టినారమ్మా," అంది మునిరత్నమ్మ నిలబడే. "సోమవారం కోర్టుకు తీసకపోతారంట. మనిషిని సంపినాడంటాండారు."

"కూర్చోమ్మా. ఎవరిని?"

"శఠగోపం అయ్యవారిని."

ఆమె చెప్పింది ఇదీ. కొడుకు వెంకటముని ఐటీఐ చదివి, ఎండతో కరెంటు పుట్టించే సోలార్ ప్లేట్లు బిగించే పని చేస్తున్నాడు. 1986 ఉగాదికి, దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన శఠగోపం ఇంటి మిద్దె మీద రెండు ప్లేట్లు పెట్టి, సామాన్ల గదిలో రెండు బ్యాటరీలు పెట్టి, అయిదు లైట్లు వెలిగించి వచ్చాడు. కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆ ఇంట్లో వెలుగు పోదని వీధంతా చెప్పుకున్నారు. ఇప్పుడు ధనుర్మాసం. తిరుప్పావై పాఠానికి ముందు స్నానం చేయాలని శఠగోపం తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లాడు. కరెంటు లేదు. పెరటి సోలార్ లైటు కూడా వెలగలేదు. రాతి మెట్టు మీద జారి తలకు దెబ్బ తగిలి పోయాడు. ఇది ఎనిమిదో రోజు.

"పాత లారీ బ్యాటరీలు అంటగట్టినాడని ఆయన కొడుకు కంప్లయింటు రాసిచ్చినాడమ్మా. మావాడు ఆ ఇంట్లో కాఫీ తాగితే గ్లాసు వాడే కడిగి బోర్లించి వస్తాడు. వాడా మోసం చేసేది?"

"మీవాడు ఆఖరున ఆ ఇంటికి ఎప్పుడు పోయినాడు?"

"ఎండల్లో ఒకసారి పొయ్యి బ్యాటరీలకు నీళ్లు పోసొచ్చినాడు. ఇంక నువ్వు రావద్దు, నీళ్లు నేనే పోసుకుంటానని ఆ కొడుకే చెప్పినాడంట."

కోమలవల్లి రెగ్యులేటరు ముక్కలన్నీ ఒక డబ్బాలోకి ఊడ్చేసింది. "జయరావన్నా, గొడుగు తీసుకో. పోదాం."

శఠగోపం ఇల్లు ఊరి చివర ఉంది. ఆయన కొడుకు వేంకటాచలపతికి ముప్పై దాటాయి. దేవస్థానం ఆఫీసులోనే గుమాస్తా. తండ్రి కర్మలు చేస్తున్న మనిషి కాబట్టి గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. తలుపు వెనక తల్లి వకుళాదేవి నేల మీద కూర్చుని ఉంది. ఎవరినీ చూడడం లేదు.

"లైట్లు ఎప్పటినుంచి మందగించినాయి?" కోమలవల్లి అడిగింది.

"దీపావళి దాటినాక."

"అంతకుముందు?"

"ఎండాకాలమంతా బ్రహ్మాండంగా వెలిగినాయి. అందుకే కదండీ మోసం అనేది. పాత బ్యాటరీ అయితే ఆరు నెలలే కదా వచ్చేది?"

"బ్యాటరీ పండితులే మీరు," అన్నాడు జయరావు.

"గమ్మునుండన్నా. అయ్యవారు మిద్దెక్కి ప్లేట్లు చూసుకునేవారా?"

"మొదట్లో రోజూ ఎక్కేవారు. మే నెల ఆఖర్లో మోకాలు విరిగింది. పుత్తూరికి తీసకపోయి కట్టు కట్టించినాం. ఆడే మా చిన్నాయన ఇంట్లో పదిహేను దినాలుండినారు. ఆ తర్వాత మిద్దెక్కింది లేదు."

"మీరేమైనా ప్లేట్లను కదిలించినారా?"

"నాకేం పని? తుడిచేదానికి తప్ప ముట్టలేదు."

సామాన్ల గదిలో బ్యాటరీల మీద అచ్చుకొట్టిన నంబర్లను కోమలవల్లి బిల్లుతో సరిచూసింది. రెండూ కలిశాయి. ఆసిడ్ బలం చూసే గాజు గొట్టాన్ని లోపల ముంచి, పైకి తీసి, పెదవి విరిచింది. రెండూ అడుగంటిపోయి ఉన్నాయి. ఒకదాన్ని జయరావు చేత రిక్షా ఎక్కించి బ్యాటరీల షాపుకు పంపించింది. అతను తిరిగి వచ్చాక ఇద్దరూ మిద్దెక్కారు.

ప్లేట్లు ఒకే ఇనప స్టాండు మీద, దక్షిణం వైపుకు ఏటవాలుగా ఉన్నాయి. పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి. స్టాండు కాళ్ల దగ్గర నాలుగు బోల్టులు. వాటి మీద వెంకటముని గుర్తుకు పూసిన ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా రాలి ఉంది. సున్నపు గచ్చు మీద ఇనుము ఈడ్చిన తెల్లటి గీత ఒకటి అర్ధచంద్రాకారంగా కొత్తగా మెరుస్తోంది. కోమలవల్లి వంగి స్టాండు చుట్టూ తిరిగింది. ఉత్తరం పక్కన, ప్లేట్ల పై అంచు కింద, గచ్చు మీద పచ్చటి పాచి ఒక గీతగా పట్టి ఉంది. దక్షిణం పక్కన, కింది అంచు దగ్గర, నేల పొడిగా తెల్లగా ఉంది.

జయరావు తువ్వాలుతో మెడ తుడుచుకుని ఉత్తరానికి తిరిగాడు. ఎదురుగా కొండ. చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

"ఏం ప్లేట్లో ఏమో మేడం. స్వామికి వీపు పెట్టి కూసున్నాయి."

కోమలవల్లి వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయింది. కాసేపటికి లేచి నిలబడింది. జయరావు ఏదో ఘనకార్యం చేసినట్టు అనిపించి సంతోషించాడు గానీ, ఆమె ముఖం చూసి ఆ సంతోషం దాచుకున్నాడు.

"ఏమైందమ్మా?"

"దీన్ని కనుక్కోకుండా ఉంటే బాగుండునన్నా."

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి నడవాలో అందరూ కూర్చున్నారు. జయరావు మీది మొహమాటంతో ఎస్సై వచ్చాడు గానీ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మునిరత్నమ్మ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది.

"ముందు బ్యాటరీల సంగతి," కోమలవల్లి మొదలుపెట్టింది. "ఒకదాన్ని షాపులో రెండు దినాలు చార్జరుకు పెట్టించినాను. నిండింది. నిన్న రాత్రంతా రెండు బల్బులు వెలిగించింది. నంబరు బిల్లుతో కలిసింది. అవి పాతవి కావు. వాటికి తిండి అందలేదు, అంతే."

"అంటే ప్లేట్లు చెడిపోయినాయా?" ఎస్సై అడిగాడు.

"లేదు. కొలిచి చూసినా, బాగుండాయి. కానీ వానాకాలంలో అవి ఇట్ల లేవు. వాన నీళ్లు ప్లేటు మీద జారి కింది అంచు నుంచి కారతాయి. కారిన చోట పాచి పడుతుంది. ఇప్పుడు కింది అంచు దక్షిణాన ఉండాది, పాచి ఉత్తరాన ఉండాది. కార్తీక వానలప్పుడు ప్లేట్లు ఉత్తరం చూస్తా ఉండినాయి."

"నేనే చూసినా కదమ్మా, దక్షిణానికే ఉండాయి!" అన్నాడు ఎస్సై.

"మీరు చూసింది అయ్యవారు పోయినాక. మీరు రాకముందే ఎవరో బోల్టులు విప్పి మళ్లా ఈ పక్కకు ఈడ్చినారు. ఈడ్చిన గీత ఇంకా కొత్తగానే ఉండాది."

వేంకటాచలపతి లోపలి తలుపు వైపు చూశాడు.

"మే, జూన్ నెలల్లో మన ఊళ్లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు," కోమలవల్లి అంది. "అందుకే అప్పుడు తిప్పినా లైట్లు బాగా వెలిగినాయి. తిప్పిన వాళ్లకు తప్పు చేసినామని తెలిసే దారి లేదు. దీపావళి దాటినాక సూర్యుడు దక్షిణానికి దిగిపోయినాడు. ప్లేట్లేమో కొండను చూస్తా ఉండినాయి. రోజూ వచ్చేదాని కంటే పోయేది ఎక్కువైంది. ధనుర్మాసానికి బ్యాటరీ ఒట్టిపోయింది."

"ఉత్తరానికి ఎందుకు తిప్పినారు?" ఎస్సై గడియారం సంగతి మర్చిపోయాడు.

కోమలవల్లి అతని వైపు తిరిగింది. "గుడిలో దర్శనమైనాక మనం ఎట్ల వస్తాం సార్? నాలుగడుగులు వెనక్కే నడిచి వస్తాం. ఈ ఇంట్లో వాళ్లు తరతరాలుగా స్వామి సేవలో ఉండారు. నడినెత్తిన పెట్టిన వస్తువు పొద్దస్తమానం కొండకు వీపు పెట్టి ఉంటే ఓర్చుకోలేకపోయినారు. అయ్యవారు పుత్తూరులో ఉన్న పదిహేను దినాల్లో తిప్పినారు. చలపతిగారూ, మీరొక్కరే కాదు. మొదటిసారి గచ్చు మీద గీత పడలేదు. ఇద్దరు ఎత్తి పెట్టినారు. రెండోసారి ఒక్కరే కాబట్టి ఈడ్చినారు."

"నేనే తిప్పినా," వేంకటాచలపతి గబగబా అన్నాడు. "నాదే తప్పు. ఒప్పుకుంటాండాను కదా, ఇంక వదిలెయ్యండి. ఇంకెవరూ లేరు. పనిమనిషి పట్టుకునింది, అంతే."

"అబద్ధం ఆడొద్దు నాయనా."

అందరూ లోపలికి చూశారు. వకుళాదేవి తలుపు పట్టుకుని లేచి నిలబడింది.

"ఒక పక్క నేను పట్టుకున్నా," అంది. "తిప్పమని చెప్పింది నేనే. ఆయన వద్దన్నారు. ఆ పిల్లోడు చదువుకున్నవాడు, వాడు పెట్టినట్టే ఉండనీ అన్నారు. నేను వినలేదు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది రా?"

"నాయన పోయిన మూడో దినం. ప్లేట్లతో వచ్చిన కంపెనీవాళ్ల కాగితం తీసి చదివినా. దక్షిణానికే ఉండాలని రాసుండాది, ఆ రాత్రే మళ్లా తిప్పినా. నీకు తెలిస్తే నువ్వు బతకవని..."

"ఆ పిల్లోడు బతుకుతాడా?"

గుమ్మం దగ్గర మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వకుళాదేవి చాప మీద నుంచి దుప్పటి తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. "పదండి. స్టేషన్ ఎంత దూరం?"

"అమ్మా, పదకొండో దినం! ఏడాదిదాకా గడప దాటకూడదు. ఎస్సైగారు ఈడే రాసుకుంటారు!"

"రాసుకుంటానమ్మా," అన్నాడు ఎస్సై కూడా, లేచి నిలబడి.

"వాణ్ణి నడిపించి తీసకపోయినారు కదా. నేనూ నడిచే వస్తా," అని ఆమె గడప దాటింది. చలపతి చెప్పులు వెతుక్కోకుండానే వెనక బయల్దేరాడు. అతని మీద తప్పుడు కంప్లయింటు కేసు తప్పదని జయరావుకు తెలుసు. అయినా ఆ వీధి పొడుగునా అతని పక్కనే నడిచాడు.

స్టేషన్లో ఆమె చెప్పింది రాసి, చదివి వినిపించారు. "'పొరపాటున' అనే మాట కొట్టేయండి. ఆయన వద్దన్నాకే చేసినా," అని దిద్దించి సంతకం చేసింది.

వెంకటమునిని బయటికి తెచ్చేసరికి సాయంత్రమైంది. నలిగిన చొక్కా, వాచిన చెంప. వసారాలో వకుళాదేవిని చూసి ఆగిపోయాడు. ఏం జరిగిందో ఎవరూ ఇంకా చెప్పలేదు.

"అమ్మా, బ్యాటరీల మూతలు ఎవరైనా తీసిపెట్టినారా? నీళ్లు ఆరిపోతాయి," అన్నాడు, వేరే మాట తోచక.

"నువ్వే వచ్చి చూసిపోతావా నాయనా?"

అతను తల్లి వైపు చూశాడు. మునిరత్నమ్మ కొడుకు చెంప మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు. వకుళాదేవి అడిగింది అడిగినట్టే నిలబడి ఉంది.

"ఈ పొద్దు రాడమ్మా," అంది చివరికి మునిరత్నమ్మ. "వాడు అన్నం తిని మూడు దినాలైంది. రేపు పంపిస్తా."